ముక్కు వెనుక క్యాన్సర్ అన్నారు, ఆపరేషన్ వద్దన్నారు: అంటే ఆశ లేనట్టేనా?

ప్రశ్న: మాధవమాల నుంచి

అందరికీ నమస్కారం. మాది శ్రీకాళహస్తి దగ్గరి మాధవమాల. మా నాన్నకు 51 ఏళ్లు. పదిహేనో ఏట ఉలి పట్టినప్పటి నుంచి ఇప్పటిదాకా కొయ్య బొమ్మలు చెక్కే పనిలోనే ఉన్నారు. ఉగాది వెళ్లిన తరువాత ఆయనకు కుడి చెవి దిబ్బడ వేసినట్టు ఉండడం మొదలైంది. దగ్గరలోని ఒక క్లినిక్‌లో చూపిస్తే చెవిలో వేసుకొనే చుక్కల మందు ఇచ్చారు, దానితోనే రెండు నెలలు గడిచిపోయాయి. పొద్దున ముక్కు చీదినప్పుడు తువ్వాలుకు సన్నగా రక్తపు చార అంటుకొనేది. వేడి చేసిందనుకొని మజ్జిగ తాగించామే తప్ప, ఆ చారకూ చెవికీ సంబంధం ఉంటుందని ఇంట్లో ఎవరికీ తట్టలేదు.

శ్రావణ మాసంలో మెడకు కుడి పక్కన, చెవి కిందుగా నిమ్మకాయంత గడ్డ కనిపించింది. మరొక చోటికి తీసుకువెళితే, సూది పరీక్షలో ఏదీ సరిగా తేలకముందే టీబీ అని మందులు మొదలుపెట్టారు. నెలన్నర వాడినా గడ్డ తగ్గలేదు సరికదా, ఇంకా పెరిగింది. చివరికి తిరుపతిలో ఒక ఈ.ఎన్.టి. డాక్టరు గారు ముక్కులోకి సన్నని కెమెరా గొట్టం పోనిచ్చి చూసి, అక్కడి నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టులో ‘నాన్ కెరటినైజింగ్ కార్సినోమా, అన్‌డిఫరెన్షియేటెడ్’ అని వచ్చింది, అంటే ముక్కు వెనుక క్యాన్సర్ అన్నారు. ఎం.ఆర్.ఐ., పెట్ సీటీ స్కాన్లు కూడా అయ్యాయి. మూడో దశ అనీ, ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకలకు పాకలేదనీ చెప్పారు.

ఇప్పుడు ఆపరేషన్ ప్రసక్తే లేదట. ముందు మూడు విడతలు కీమో, ఆ తరువాత ఏడు వారాలు రేడియేషన్ అంటున్నారు. మా పెదనాన్న మొదలుకొని చుట్టాలందరూ, కత్తి పెట్టము అన్నారంటే చెయ్యి దాటిపోయినట్టేనని నిశ్చయానికి వచ్చేశారు. ముక్క తీసినందువల్లనే రోగం రేగిందనే మాట కూడా నాన్న చెవిన పడింది. ఈ రెండు మాటల్లో నిజమెంత? కొయ్య పొడి వల్ల ఇది వచ్చి ఉంటుందా? మా పాపకు మూడేళ్లు, తాతయ్య కంచంలో తప్ప అన్నం తినదు. దానికేమైనా అంటుతుందా? తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: విశ్రాంత ఈ.ఎన్.టి. వైద్యుడు, తిరుపతి

బాబూ, ముందుగా ఆపరేషన్ సంగతి. మీ నాన్నగారికి రోగం వచ్చిన చోటును నేసోఫారింక్స్ అంటారు, అంటే ముక్కు రంధ్రాలు లోపలికి వెళ్లి ముగిసే చోట, కొండనాలుకకు పైన ఉండే చిన్న గది. దానికి పైకప్పు పుర్రె అడుగు భాగం. పక్కనే మెదడుకు రక్తం తీసుకువెళ్లే పెద్ద ధమని, కంటినీ ముఖాన్నీ మింగడాన్నీ నడిపించే నరాలు ఉంటాయి. అటువంటి చోట గడ్డను చుట్టూ ఆరోగ్యంగా ఉన్న కండతో కలిపి తీయడం దాదాపుగా కుదరదు. అయితే మొదటి చికిత్సగా రేడియేషన్‌ను ఎంచుకోవడానికి అది ఒక్కటే కారణం కాదు. ఈ రకం క్యాన్సర్, అందులోనూ మీ నాన్నగారి రిపోర్టులో వచ్చిన రకం, రేడియేషన్‌కు బాగా లొంగుతుంది. మొదటి దశలో దొరికినవారికి కూడా కత్తి పెట్టరు, రేడియేషన్ ఒక్కటే ఇస్తారు. మీ పెదనాన్నగారికి ఈ ఒక్క మాట చెప్పండి. ఆపరేషన్‌ను, చికిత్స తరువాత మెడలో బిళ్ల మిగిలిపోయినా, కొన్నాళ్లకు రోగం మళ్లీ అదే చోట తలెత్తినా అవసరపడుతుందని దాచి ఉంచుతారు.

ముక్క తీసినందువల్ల పాకిందనే మాటకు ఆధారం లేదు. ముక్క తీయకుండా ఏ క్యాన్సర్ డాక్టరూ మందు మొదలుపెట్టరు, పెట్టకూడదు కూడా. నిజానికి తిరుపతిలో ముక్క తీసిన డాక్టరు సరైన వరుసలోనే వెళ్లారు. ఇటువంటి రోగికి మెడలో గడ్డను కోసి తీయడం కంటే, ముందుగా ముక్కు వెనుక కెమెరాతో చూసి అక్కడి ముక్క తీయడమే మంచి పద్ధతి. టీబీ అని పొరబడడం గురించి మీ బాధ నాకు అర్థమవుతుంది. మన ప్రాంతంలో మెడ బిళ్లలకు టీబీయే ఎక్కువగా కారణమవుతుంది, పైగా ఈ క్యాన్సర్ కణాల మధ్య తెల్ల రక్తకణాలు గుంపులుగా ఉండడం వల్ల సూది పరీక్ష కళ్లను మోసం చేయగలదు. అయినా పెద్దవారికి ఒకే వైపు చెవి దిబ్బడ, అదే వైపు మెడలో గడ్డ కలిసి కనిపించినప్పుడు ముక్కు వెనుకకు తొంగి చూడకపోవడం మా వృత్తిలో క్షమించరాని తప్పు. చెవి నుంచి ఆ గదిలోకి తెరుచుకొనే యూస్టేషియన్ నాళపు నోరు మూసుకుపోతే, కర్ణభేరి వెనుక నీరు చేరుతుంది. బయటి నుంచి వేసే చుక్కలు ఆ పొరను దాటి లోపలికి వెళ్లవు.

ఇక కారణాలు. ఎప్‌స్టీన్ బార్ వైరస్‌కు ఈ రోగంతో గట్టి సంబంధం ఉంది. 1964లో ఎప్‌స్టీన్, అకాంగ్, బార్ అనే ముగ్గురు మరొక రకం క్యాన్సర్ కణాలలో దీనిని మొదట కనుగొన్నారు. ప్రపంచంలో పెద్దవారిలో నూటికి తొంభై మందికి పైగా ఈ వైరస్‌ను చిన్నతనం నుంచీ ఒంట్లో మోస్తూనే ఉంటారు, వారిలో ఎక్కడో అతి కొద్దిమందికి మాత్రమే ఈ క్యాన్సర్ వస్తుంది. దక్షిణ చైనాలో, మన దేశంలో నాగాలాండ్, మణిపూర్ వంటి చోట్ల ఎక్కువ, మన వైపు అరుదు. కొయ్య పొడి ఈ క్యాన్సర్‌కు ఒక కారణమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఒప్పుకొన్నది నిజమే. అంతమాత్రాన మీ నాన్నగారికి దాని వల్లనే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. మీ ఊళ్లో ఇంకా చెక్కుతున్నవారు మూతికి మంచి మాస్కు కట్టుకొంటే మాత్రం నేను సంతోషిస్తాను. క్యాన్సర్ అంటువ్యాధి కాదు. పాపను తాతయ్య కంచం నుంచి దూరం చేయవద్దు. కీమో నడిచే రోజుల్లో మాత్రం పాపకు జలుబో జ్వరమో ఉంటే ఆయన కోసమే కాస్త ఎడంగా ఉంచండి.

జవాబు: చిత్తూరు, చికిత్స పూర్తయి నాలుగేళ్లు

తమ్ముడూ, డాక్టరు గారు చెప్పవలసింది చెప్పారు, నేను పడినది చెబుతాను. నాకూ ఇదే రోగం, ఇదే దశ. మాకు వేలూరు దగ్గర కనుక అక్కడికి వెళ్లాను. మన ఊళ్లలో ‘కరెంటు పెట్టడం’ అంటారు కానీ, అది పెట్టేటప్పుడు షాకూ ఉండదు, వేడీ ఉండదు. వారానికి ఐదు రోజుల చొప్పున ముప్పై మూడో ముప్పై అయిదో సార్లు, ఒక్కొక్కసారి పది పదిహేను నిమిషాలు బల్ల మీద కదలకుండా పడుకోవాలి.

కదలకుండా ఉంచడానికి ముఖానికి ఒక మాస్కు చేస్తారు. జల్లెడ వంటి తెల్లటి ప్లాస్టిక్ రేకును వేడినీళ్లలో ముంచి, అది మెత్తబడగానే ముఖం మీద పరిచి, నుదుటి నుంచి భుజాల దాకా చేతులతో అదిమి పెడతారు. నాలుగైదు నిమిషాల్లో అది మన ముఖం ఆకారంలో బిగుసుకుపోతుంది. తరువాత ప్రతిరోజూ దానిని తొడిగి, అంచులను బల్లకు బిగిస్తారు. మొదటి రోజు నాకు ఊపిరాడనట్టు అనిపించింది, మూడో రోజుకు అలవాటైంది. ఇక్కడ ఒక మాట మన వైపు వారికే చెప్పవలసినది. తలనీలాల మొక్కు ఉంటే మాస్కు చేయించకముందే కొండకు వెళ్లి తీర్చుకోండి. ఒత్తుగా జుట్టు ఉన్నప్పుడు మాస్కు చేసి, మధ్యలో గుండు చేయించుకొంటే అది వదులవుతుంది, మళ్లీ కొత్తది చేయవలసి రావచ్చు. గడ్డం విషయం కూడా అంతే. నేను తెలియక మధ్యలో మొక్కు తీర్చుకొని వచ్చి టెక్నీషియన్ చేత చీవాట్లు తిన్నాను.

మూడో వారం నుంచి నోరంతా పూసింది. రాగి సంగటీ ఊరుబిండీ లేకుండా నాకు పూట గడవదు, అటువంటిది ఉప్పు తగిలినా మంటే. చల్లారిన రాగి జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, గుడ్డు, పాలు, ఇవే నన్ను నిలబెట్టాయి. లీటరు నీళ్లలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి రోజుకు ఆరేడు సార్లు పుక్కిలించేవాడిని. అయిదో వారంలో బరువు మరీ తగ్గిపోతే ముక్కులో నుంచి గొట్టం వేసి ఆహారం పంపారు. సిగ్గుపడవలసిన విషయం కాదు. ఎంత కష్టమైనా ఒక్క రోజు కూడా మానవద్దు, పండగని ఊరికి రావద్దు. మధ్యలో ఖాళీలు పడితే చికిత్స బలం తగ్గుతుందని మా డాక్టరు మొదటి రోజే గట్టిగా చెప్పారు. ఇప్పుడు నాకు నోరు తడి ఆరుతూ ఉంటుంది, సీసాలో నీళ్లు లేకుండా గడప దాటను. అది తప్ప నా పని నేను చేసుకొంటున్నాను.

జవాబు: పీలేరు నుంచి

మా బంధువులలో ఒకరికి కొండ ప్రాంతపు వైద్యుడు ఒకరు పసరు ఇస్తే గడ్డ కరిగింది. కీమో మొదలుపెట్టక ముందు ఒక నెల అది వాడి చూడండి. పోయేదేమీ లేదు కదా.

జవాబు: విశ్రాంత ఈ.ఎన్.టి. వైద్యుడు, తిరుపతి

పోయేది ఉంది. ఇప్పటికే అయిదారు నెలలు చేజారిపోయాయి. పైగా కీమోలో ఇచ్చే సిస్‌ప్లాటిన్ మూత్రపిండాల మీద భారం వేసే మందు. ఏ ఆకు ఏ పాళ్లలో కలిసిందో తెలియని పసరు అప్పటికే వాటిని దెబ్బతీసి ఉంటే, ఇవ్వవలసిన మందు ఇవ్వడానికే వీలు లేకుండా పోతుంది.

ప్రశ్నించినవారు: మాధవమాల నుంచి

మీ మాటలు నాన్నకు చదివి వినిపించాను. మాస్కు సంగతి రెండుసార్లు చదివించుకొన్నారు. మరికొన్ని సందేహాలు మిగిలాయి. మూడు విడతల కీమో ముందుగా ఎందుకు? పళ్ల డాక్టరుకు చూపించి రమ్మన్నారు, అది నిజంగా అవసరమా? చెవి ఎప్పటికైనా తెరుచుకొంటుందా? ఖర్చు సంగతి ఎక్కడ అడగాలి?

జవాబు: పలమనేరు, భర్తకు చికిత్స చేయించినావిడ

పళ్ల సంగతి నేను చెబుతాను నాయనా, మేము దానిని తేలికగా తీసుకొని బాధపడ్డాము. రేడియేషన్ తరువాత లాలాజలం తగ్గి పళ్లు త్వరగా పుచ్చుతాయి. అప్పుడు పన్ను పీకితే దవడ ఎముక మానకుండా కుళ్లే ప్రమాదం ఉంది. అందుకని పీకవలసిన పళ్లు ఏవైనా ఉంటే రేడియేషన్‌కు కనీసం రెండు వారాల ముందే పీకించి, పుండు మానిన తరువాతే మొదలుపెడతారు. ఆ తరువాత జీవితాంతం, పళ్లు పుచ్చకుండా ఫ్లోరైడ్ వాడమంటారు. దవడ బిగుసుకుపోకుండా రోజూ నోరు తెరిచే కసరత్తు కూడా చేయాలి. మా ఆయన ఐస్‌క్రీమ్ పుల్లలు ఒకదాని మీద ఒకటి పేర్చి పళ్ల మధ్య పెట్టుకొనేవారు, వారానికి ఒక పుల్ల పెంచుకుంటూ వచ్చారు. మూడు వేళ్లు నిలువుగా పట్టేంత తెరుచుకొంటే బాగున్నట్టు. రెండేళ్ల తరువాత ఆయనకు ఊరికే నీరసం, ఒళ్లు బరువు వచ్చాయి. అది రోగం తిరగబడడం కాదు, మెడకు పడిన రేడియేషన్ వల్ల థైరాయిడ్ తగ్గిందని రక్త పరీక్షలో తేలింది. ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి ఆ పరీక్ష చేయించండి.

ఖర్చుకు ఎన్టీఆర్ వైద్యసేవ ఉంది, మా ఊళ్లో ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అనే అంటారు. చేరడానికి ముందే ఆసుపత్రిలో ఆ పథకం బల్ల దగ్గరకు రేషన్ కార్డు, ఆధార్, ముక్క పరీక్ష రిపోర్టు పట్టుకొని వెళ్లి, కీమోకూ రేడియేషన్‌కూ విడివిడిగా అనుమతి తీసుకోవాలా అని అడగండి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, అలిపిరి దగ్గర టాటా ట్రస్టులు కట్టిన క్యాన్సర్ ఆసుపత్రి 2022 నుంచి నడుస్తోంది. ఏడు వారాలు రోజూ రావలసిన చికిత్స కనుక ఇంటికి దగ్గరగా ఉండడమే పెద్ద సాయం. మేము దూరం వెళ్లి గది అద్దెకే సగం డబ్బు పోగొట్టుకొన్నాము.

జవాబు: విశ్రాంత ఈ.ఎన్.టి. వైద్యుడు, తిరుపతి

ఆ తల్లి చెప్పినదానికి నేను కలపవలసినది కొంచెమే. ముందుగా కీమో ఇవ్వడం గడ్డను కుదించడానికీ, కంటికి కనిపించకుండా ఎక్కడైనా కణాలు తప్పించుకొని ఉంటే వాటిని పట్టుకోవడానికీ. 2019లో ప్రచురితమైన ఒక చైనా పరిశోధనలో 480 మంది రోగులను రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి రేడియేషన్‌కు ముందు జెమ్‌సైటబీన్, సిస్‌ప్లాటిన్ అనే కీమో మందులు మూడు విడతలు ఇచ్చి చూశారు. మూడేళ్ల తరువాత రోగం తిరగబెట్టకుండా ఉన్నవారు ఆ వర్గంలో నూటికి 85 మంది, ఇవ్వని వర్గంలో నూటికి 76 మంది చొప్పున ఉన్నారు. మీ డాక్టరు గారు చెప్పిన మూడు విడతలు అదే దారి. 2023లో అమెరికాలో అనుమతి పొందిన టోరిపాలిమాబ్ అనే ఇమ్యూనోథెరపీ (ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి పురిగొల్పే మందు) గురించి ఎవరైనా చెబితే, ఆ అనుమతి తిరగబెట్టిన లేదా దూరానికి పాకిన రోగానికి అని గుర్తుంచుకోండి, ఆ మందు కోసం ఇప్పుడు అప్పు చేయవద్దు.

కీమోకు ముందు మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్షతో పాటు వినికిడి పరీక్ష కూడా చేయించండి, సిస్‌ప్లాటిన్ చెవి నరాన్ని కూడా తాకుతుంది. చెవి దిబ్బడ గడ్డ కరిగేకొద్దీ చాలామందికి తగ్గుతుంది, కొందరికి కొంత మిగులుతుంది. కర్ణభేరికి గొట్టం పెట్టించడానికి ఇప్పుడు తొందరపడవద్దు, రేడియేషన్ తరువాత ఆ చెవి కారుతూనే ఉండిపోవచ్చు. రక్తంలో ఎప్‌స్టీన్ బార్ వైరస్ డీఎన్ఏ పరీక్షను చికిత్సకు ముందు ఒకసారి, అయిపోయిన తరువాత ఒకసారి చేయించడం వీలవుతుందేమో మీ డాక్టరును అడగండి. రేడియేషన్ ముగిసిన మరునాడే మెడ తడిమి చూసి భయపడవద్దు. బిళ్ల రెండు మూడు నెలల పాటు కరుగుతూ ఉంటుంది, అందుకే స్కాన్ మూడో నెలలో తీస్తారు.

ప్రశ్నించినవారు: మాధవమాల నుంచి

మీ అందరికీ నమస్కారాలు. సోమవారం పళ్ల డాక్టరు దగ్గరకు వెళుతున్నాము, కింది దవడలో రెండు పళ్లు పీకవలసి ఉంటుందని నాన్న తనే అంటున్నారు. అవి మానాక, మాస్కుకు కొలత ఇవ్వకముందే కొండకు వెళ్లి తలనీలాలు ఇచ్చి వస్తామన్నారు. పెదనాన్న కూడా వస్తారట.