"ఎద్దు ఎండకు లాగె" అన్నప్పుడు ఆ "కు" ఏ అర్థంలో?

ప్రశ్న:
సభ్యులకు నమస్కారం. స్విచ్చింగ్ రెగ్యులేటర్లను (వేగంగా స్విచ్ అవుతూ అవుట్‌పుట్ వోల్టేజీని నిలకడగా ఉంచే సర్క్యూట్లను) సమాంతరంగా కలిపి ఎక్కువ కరెంటు రాబట్టడం గురించి డిప్లొమా విద్యార్థుల కోసం తెలుగులో ఒక పాఠం రాస్తున్నాను. 3 ఆంపియర్ల ఎల్‌ఎం2596 అనే రెగ్యులేటరు మాడ్యూళ్లు రెండు కలిపితే 6 ఆంపియర్లు వచ్చేస్తాయని పిల్లలు అనుకుంటారు. కానీ ఒకటి 5.05 వోల్టుల దగ్గర, రెండవది 5.00 వోల్టుల దగ్గర కుదిరి ఉంటే మొదటిదే తన పరిమితి దాకా బరువంతా మోస్తుంది, రెండవది ఊరకే ఉంటుంది. అరక కట్టేటప్పుడు మా తాతగారు అనే సామెతను దీనికి శీర్షికగా పెట్టాలని ఉంది: "ఎద్దు ఎండకు లాగె, దున్న నీడకు..." చివరి మాట "లాగె"నా, "ఈడ్చె"నా?

స్పందన 1:
"లాగె" అనే విన్నాను. అయితే మాస్టారూ, చూడవలసింది "కు" ప్రత్యయాన్ని. అది దిక్కును చెబుతోంది: ఎద్దు ఎండవైపు, దున్న నీడవైపు. మీ రెండవ మాడ్యూలు ఎదురు లాగడం లేదు, ఆగిపోయింది. ఎల్‌ఎం2596 సర్క్యూట్‌లో కింది స్విచ్చి స్థానంలో, కరెంటును ఒకే దిక్కున పోనిచ్చే డయోడు ఉంటుంది కనుక అవుట్‌పుట్ నుండి కరెంటును వెనక్కి లాగే దారే లేదు. మీ పాఠానికి ఈ సామెత అతకదు.

స్పందన 2:
నేను ఒప్పుకోలేను. "ఎండకు వాడింది, వానకు తడిసింది" అన్నప్పుడు "కు" కారణాన్ని చెబుతుంది. దున్నకు చర్మం నలుపు, చెమట తక్కువ, అందుచేత ఎండకు ఓర్వదు. ఎద్దు ఆ ఎండలోనే లాగుతుంది. అంటే ఒకటి మోస్తుంది, మరొకటి మానేస్తుంది. శీర్షిక చక్కగా కుదిరింది.

స్పందన 1:
అలాగైతే "నీడకు" అన్నది నీడ వల్ల అని కావాలి. నీడ వల్ల లాగడమేమిటి? ఒకే సామెతలో పక్కపక్కనే ఉన్న రెండు "కు"లకు రెండు అర్థాలు చెప్పడం న్యాయం కాదు. డయోడు బదులు మాస్‌ఫెట్ (రెండు దిక్కులా కరెంటును పోనిచ్చే ట్రాన్సిస్టరు స్విచ్చి) ఉన్న సింక్రనస్ రెగ్యులేటర్లు, లోడు తగ్గినా ఆగకుండా స్విచ్ అయ్యే పద్ధతిలో నడిచినప్పుడు, తక్కువ వోల్టేజీది ఎక్కువదాని కరెంటును నిజంగానే తనలోకి లాక్కుంటుంది. సామెత అక్కడిది.

స్పందన 3:
ఇది వేమన పద్యంలోని పాదమని చిన్నప్పుడు విన్న గుర్తు.

స్పందన 4:
వేమన మీద నాకూ అంతే ప్రేమ, కానీ ఛందస్సు ఒప్పుకోదు. ఉత్వసంధి నిత్యం కాబట్టి పద్యంలో "ఎద్దెండకు" అని ఉండాలి. మొదటి రెండక్షరాలూ గురువులే అయ్యాయి. వేమన ఎక్కువగా వాడిన ఆటవెలదిలో ఏ పాదమైనా సూర్యగణంతోనే మొదలవుతుంది; సూర్యగణమంటే గురువు-లఘువు, లేదా మూడు లఘువులు, కనుక మొదట రెండు గురువులు రావు.

స్పందన 2:
ఛందస్సు సంగతి తేలింది కనుక కాడి దగ్గరికి వస్తాను. జోడు కుదరనప్పుడు మా నాయన కాడి మీది కట్టును బలమైన ఎద్దువైపు కొంచెం జరిపేవారు. మాడ్యూళ్లకు ఆ పని చేసేది వరుసలో పెట్టే చిన్న రెసిస్టరు. ఒక్కొక్కదానికి 0.05 ఓములు పెడితే, 0.05 వోల్టుల తేడాకు కరెంట్ల మధ్య తేడా 1 ఆంపియరు దగ్గర ఆగుతుంది. 4 ఆంపియర్ల లోడును అవి 2.5, 1.5గా పంచుకుంటాయి. అందుకు బదులుగా అవుట్‌పుట్ 4.925 వోల్టులకు దిగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ఆ లెక్కను పాఠంలో చేరుస్తాను. కరెంట్ మోడ్ రెగ్యులేటర్లయితే (ఆదేశాన్ని బట్టి తమ కరెంటును నియంత్రించుకునేవి) ఒకే ఎర్రర్ యాంప్లిఫయరు (అవుట్‌పుట్ వోల్టేజీ ఉండవలసినదానికి ఎంత తేడాగా ఉందో చూసే భాగం) ఆదేశాన్ని రెండింటికీ ఇచ్చి సమానంగా లాగించవచ్చని కూడా రాస్తున్నాను. "లాగె"నా, "ఈడ్చె"నా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

స్పందన 5:
మా అమ్మమ్మ "దున్న నీటికి లాగె" అనేది. దున్న మడుగు కనబడితే అటే పోతుంది కదా. "నీటికి" అన్నదే అసలు పాఠమైతే కారణార్థం నిలవదు. "నీడకు" అన్నవారు దాన్ని ఏ ఊళ్లో విన్నారో దయచేసి చెప్పగలరా?