చిట్టీ లెక్క నోటితో చెప్పేస్తారు, సమీకరణం రాయమంటే ఆగిపోతారు. ఎలా నేర్పాలి?

సాయంత్రం క్లాసు, బోరబండ

నేను బోరబండలో ఓపెన్ టెన్త్ రాయబోయే పెద్దవాళ్లకు సాయంత్రం పూట లెక్కలు చెప్తాను. ఎక్కువమంది ఆడవాళ్లే. ఇళ్లల్లో పనికి వెళ్లేవాళ్లు, బ్లౌజులు కుట్టేవాళ్లు, కూరగాయల బండి పెట్టుకున్న ఒక పెద్దామె. ఆటో నడిపే అన్నలు కూడా వస్తారు. కూడికలు, భాగహారాలు, వడ్డీ లెక్కలు వీళ్లకు నేర్పాల్సిన పనే లేదు, మనం ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తెరిచేలోపు జవాబు చెప్పేస్తారు. ఇబ్బంది అంతా సమీకరణం దగ్గరే.

మొన్న పుస్తకంలో లెక్క పక్కన పెట్టి వాళ్లకు తెలిసిన చిట్టీ లెక్కే ఇచ్చాను. 20 మంది, నెలకు 5000, మొత్తం లక్ష. నడిపే ఆమె కమీషన్ 5000. పాటలో ఎంత వదులుకుంటే అందులోంచి కమీషన్ తీసేసి, మిగిలింది 20 మందికీ సమానంగా పంచుతారు, ఆ మేరకు ఆ నెల కట్టేది తగ్గుతుంది. ఈ నెల ఒక్కొక్కరూ 4200 కట్టారు, మరి పాట ఎంతకు పోయింది అని అడిగాను. బోర్డు మీద రాయడం పూర్తవకముందే ఒకామె “21 వేలకు” అనేసింది. కరెక్టే. ఎలా వచ్చిందో నోటుబుక్కులో రాయమంటే ఇలా రాసింది:

5000 − 4200 = 800 × 20 = 16000 + 5000 = 21000

ఇప్పుడు దీన్ని తప్పు అనాలా? 5000 లోంచి 4200 పోతే 21000 కాదు కదా, పరీక్ష పేపర్లో ఇలా రాస్తే ఊరుకోరు. కానీ ఆమె ఆలోచనలో తప్పేమీ లేదు. ఇదే లెక్కకు సమీకరణం రాయమంటే మాత్రం క్లాసు మొత్తం పెన్నులు కింద పెట్టేస్తుంది. ఎక్స్ అనే మాట వింటేనే టెన్షన్. అందుకని వస్తువు పేరులో మొదటి అక్షరం పెడదాం, బ్లౌజుకి బ, టమాటాకి ట అని మొదలుపెట్టాను, దాంతో ఇంకో తికమక వచ్చింది, 250బ అంటే 250 బ్లౌజులు అని చదువుతున్నారు.

పెద్దవాళ్లకు చెప్పిన అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. “జవాబు తెలిశాక ఇంకా ఇదెందుకు మేడమ్” అంటున్నారు, దానికి నా దగ్గర వాళ్లు ఒప్పుకునే సమాధానం కావాలి.

లెక్కల మాస్టారు, ఉప్పల్

మేడమ్, ముందు ఆ నోటుబుక్కు వరుస గురించి. దాన్ని కొట్టేయకండి. ఆమె చేసింది జరిగిన పనిని వెనక్కి విప్పుకుంటూ రావడం. చివర్లో 5000 లోంచి తగ్గింది కాబట్టి ముందు ఆ తగ్గింపు ఎంతో పట్టుకుంది, పంచారు కాబట్టి గుణించింది, కమీషన్ తీశారు కాబట్టి కలిపింది. సమీకరణాన్ని సాధించేటప్పుడు మనం చేసేది కూడా అచ్చంగా ఇదే. అంటే సాధించడం ఆమెకు వచ్చు, రాయడం రాదు. రాయాలంటే వెనక్కి కాకుండా ముందుకు నడవాలి, చిట్టీ ఆ నెల ఎలా జరిగిందో అదే వరుసలో. అలా నడవడానికి మొదట్లో ఉండాల్సిన అంకె చేతిలో లేదు, అక్కడే అందరూ ఆగిపోతారు.

కాబట్టి ఒక అంకె చేతికి ఇవ్వండి. “పాట 15 వేలకు పోయిందనుకుందాం, ఒక్కొక్కరు ఎంత కట్టాలి?” అని అడగండి. చెప్తారు, 4500 అని. “ఎలా వచ్చిందో రాయండి, కానీ మధ్యలో ఏ లెక్కా చేయొద్దు” అనండి. పెద్దవాళ్లకు కష్టంగా ఉండేది ఇదే, చెయ్యి ఊరుకోదు, 15000 లోంచి 5000 కనపడగానే 10000 రాసేస్తారు. ఓపిగ్గా ఆపండి. బోర్డు మీద ఇలా రావాలి:

5000 − (15000 − 5000) ÷ 20

దాని కిందే 25 వేలకు పోయిందనుకుని మళ్లీ రాయించండి:

5000 − (25000 − 5000) ÷ 20

ఇది 4000 అవుతుంది. మనకు కావలసింది 4200, కాబట్టి జవాబు ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉందని వాళ్లే అంటారు. ఇంకో అంకె ఎవరినైనా అడిగి మూడో వరుస కూడా రాయించండి. ఇప్పుడు మూడు వరుసలూ చూపించి, ఏది మారుతోంది, ఏది మారట్లేదు అని అడగండి. ఒక్క చోటే మారుతోందని వెనక బెంచీలో కూర్చున్నవాళ్లకు కూడా కనపడుతుంది. ఆ మారే చోట ఒక అక్షరం పెట్టి, ఆ వరుస విలువ 4200 కావాలి అని రాయండి:

5000 − (క − 5000) ÷ 20 = 4200

నా అనుభవంలో ఇంతకంటే బాగా పనిచేసిన దారి లేదు. అక్షరం అంటే ఏంటో విడిగా వివరించక్కర్లేదు, ఆ చోట 15000, 25000 కూర్చున్నాయి కాబట్టి అది అంకె కూర్చునే చోటు అని అప్పటికే తెలిసిపోయి ఉంటుంది.

ఇక బ్లౌజుకి బ పెట్టడం ఈ రోజే మానేయండి, మీ తికమక అంతా అక్కడినుంచే వస్తోంది. వస్తువు పేరులో అక్షరం పెడితే అది వస్తువుకి పొట్టిపేరు అయిపోతుంది. బ అంటే బ్లౌజులా, బ్లౌజుల సంఖ్యా, ఒక్కో బ్లౌజు ధరా? దేనికీ సంబంధం లేని అక్షరం పెట్టండి. ఆ లెక్కన పుస్తకంలో ఉన్న ఎక్స్ చాలా మంచిది, మన కూరగాయల్లో దానితో మొదలయ్యేది ఒక్కటీ లేదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు బీజగణితం రాసినప్పుడు కూడా తెలియని సంఖ్యలకు ‘యావత్తావత్’, ‘కాలక’, ‘నీలక’ అని పెట్టి వాటిని యా, కా, నీ అని పొట్టిగా రాసుకునేవాడు. కాలక, నీలక అంటే నలుపు, నీలం, అంతే, లెక్కలోని వస్తువులతో వాటికి పనిలేదు. ఈ సంగతి క్లాసులో చెప్పి చూడండి, ఇంగ్లీషు అక్షరం అనే బెరుకు కొంత పోతుంది.

ట్యూషన్ సెంటర్, దిల్‌సుఖ్‌నగర్

మాస్టారు చెప్పింది బాగానే ఉంది కానీ ఒక్క లెక్కకు మూడు వరుసలు రాయిస్తూ కూర్చుంటే పరీక్షలోపు సిలబస్ అవ్వదు. రోజంతా పని చేసి వచ్చేవాళ్లు, వాళ్లకు పాస్ కావడం ముఖ్యం. వయసుల లెక్కలు, రెండంకెల సంఖ్యల లెక్కలు, దీర్ఘచతురస్రం చుట్టుకొలత, ఈ మూడు రకాలకు ‘ఎక్స్ అనుకొనుము’ దగ్గర్నుంచి చివరి వరకు ఒక పద్ధతి బట్టీ పట్టిస్తే మార్కులు వస్తాయి. చిట్టీలు పరీక్షలో అడగరు.

టైలరింగ్ నేర్పుతాను, మెహదీపట్నం

నేను లెక్కల టీచర్ని కాదు, కుట్టుపని నేర్పుతాను, కానీ “జవాబు తెలిశాక ఇదెందుకు” అన్న దానికి ఒకటి చెప్పాలి. ఆ చిట్టీ లెక్కలో వాళ్లు అడిగింది న్యాయమే అక్కా. వెనక్కి విప్పుకుంటూ వస్తే జవాబు దొరికేదానికి సమీకరణం నిజంగానే అవసరం లేదు. అలా దొరకని లెక్క ఇవ్వండి.

మా దగ్గర నేర్చుకున్న పిల్లలందరికీ వచ్చే ప్రశ్న ఇది: షాపులో పీసు లెక్కన కుట్టాలా, సొంతంగా పెట్టుకోవాలా? షాపువాళ్లు బ్లౌజుకు 120 ఇస్తారనుకోండి, దారం, కరెంటు అన్నీ వాళ్లవే. సొంతంగా అయితే కస్టమర్ 250 ఇస్తుంది కానీ గది అద్దె, దారం, హుక్కులు, మిషన్ రిపేరు కలిపి నెలకు 3900 అవుతుంది. నెలకు ఎన్ని బ్లౌజులు వస్తే సొంతంగా పెట్టుకోవడం దండగ కాదు? దీన్ని వెనక్కి విప్పడానికి చివర్లో ఒక అంకె ఉండాలి కదా, ఇక్కడ ఆ అంకే లేదు. షాపులో ఎంత వస్తుందో, ఇంట్లో ఎంత మిగులుతుందో రెండూ ఆ తెలియని బ్లౌజుల సంఖ్య మీదే ఆధారపడి ఉన్నాయి.

పైన మాస్టారు చెప్పినట్టే అంకె పెట్టి చూడండి. 10 బ్లౌజులైతే షాపులో 1200, సొంతంగా అయితే 2500 వచ్చినా 3900 ఖర్చు, అంటే 1400 చేతినుంచి పోతుంది. 40 అయితే షాపులో 4800, సొంతంగా 6100. పది దగ్గర షాపు మేలు, నలభై దగ్గర సొంతం మేలు, మరి ఎక్కడ సమానం అవుతాయి? అప్పుడు రాయమనండి:

250 × క − 3900 = 120 × క

బ్లౌజుకు 130 తేడా, 3900 లో 130 లు 30. ముప్పై బ్లౌజులు. ముప్పై దాటకపోతే గది తీసుకోవద్దని నేను పిల్లలకు గట్టిగా చెప్తాను, ఎందుకంటే పండగ నెల చూసి గది తీసుకుని ఆషాఢంలో అద్దె కట్టలేక మూసేసినవాళ్లను చాలామందిని చూశాను. ఇలాంటిదే మీవాళ్ల పనిలోంచి అడగండి. ఆటో అన్నలకు అద్దె బండా, సొంత బండి కిస్తీనా అన్నది రోజూ ఉండే లెక్కే.

ఆటో నడుపుతా, కూకట్‌పల్లి

మేడమ్, నేను ఓపెన్ టెన్త్ పెద్దయ్యాకే పాసయిన. ఒక మాట చెప్త. మాకు లెక్క రాదని కాదు భయం, రాసింది పదిమంది ముందు తప్పు అంటారని. మాకు చెప్పిన సార్ ముందు తెలుగులో వాక్యం రాయించేటోడు. ‘సొంతంగా మిగిలేది, షాపులో వచ్చేది సమానం కావాలె’ అని. ఆ వాక్యం కిందనే అంకెలు పెట్టిచ్చేటోడు. ఎక్స్ అంటే ఏందో మొదటి లైన్‌లనే పూర్తిగా రాయాలె, ‘ఎక్స్ = బ్లౌజులు’ అంటే ఒప్పుకోకపోయేది, ‘ఎక్స్ = నెలకు కుట్టే బ్లౌజుల సంఖ్య’ అంటేనే ముందుకు పోనిచ్చేది. అప్పుడు విసుగొచ్చేది గానీ పరీక్షల దానివల్లనే గట్టెక్కిన.

ఇంకొకటి, కరెంటు బిల్లు తెచ్చుకోమనండి. 100 యూనిట్లు దాటి 200 లోపు వాడే ఇంటికి మొదటి 100 యూనిట్లు 3.40 లెక్క, ఆ పైన 4.80 లెక్క. ఫిక్స్‌డ్ ఛార్జీలు అవీ పక్కన పెట్టి, యూనిట్ల ఛార్జీ ఒక్కటే 580 వస్తే ఎన్ని యూనిట్లు కాలినట్టు? 340 + 4.80 × (ఎక్స్ − 100) = 580, జవాబు 150. మొత్తం యూనిట్లు ఎక్స్ అయితే పై రేటు పడేది ఎక్స్ లోంచి 100 పోయినవాటికే అని సమజ్ కావడం నాకు శానా కష్టమైంది. అది అర్థమైనంక బ్రాకెట్ అంటే భయం పోయింది.

సాయంత్రం క్లాసు, బోరబండ

అందరికీ థాంక్స్. మూడు వరుసల పద్ధతి నిన్న క్లాసులో చేశాం. మధ్యలో లెక్క చేయకుండా ఆపడం నిజంగానే కష్టమైంది, కానీ మూడో వరుసకు వచ్చేసరికి కూరగాయల పెద్దామె “అదొక్కటే కదమ్మా మారేది” అని లేచొచ్చి బోర్డు మీద ఆ అంకె చుట్టూ సున్నా చుట్టింది. బ్లౌజుల లెక్క రేపు చేస్తాను.

ఒకటి మిగిలింది. ‘కూలీలు మేస్త్రీలకు ఆరు రెట్లు’ అని ఇస్తే సగానికి పైగా 6 × కూలీలు = మేస్త్రీలు అని రాశారు. ఎంత చెప్పినా మళ్లీ అదే రాస్తున్నారు. ఇది మాట అర్థంకాకనా?

లెక్కల మాస్టారు, ఉప్పల్

మేడమ్, ఇది మీవాళ్ల సమస్య ఒక్కటే కాదు, చదువు తక్కువ కావడం వల్ల వచ్చింది అంతకన్నా కాదు. 1980 ప్రాంతంలో అమెరికాలో ఇంజనీరింగ్ మొదటి ఏడాది విద్యార్థులకు ‘ప్రొఫెసర్లకు ఆరు రెట్లు విద్యార్థులు’ అన్నది సమీకరణంగా రాయమని ఇచ్చారు, మూడో వంతు కంటే ఎక్కువమంది, దాదాపు 37 శాతం, తప్పు రాశారు. ఆ తప్పుల్లోనూ ఎక్కువ భాగం ఇలా తిరగేసి రాసినవే. ఈ సంగతి మీ క్లాసులో తప్పకుండా చెప్పండి.

జరిగేది ఏంటంటే, ఆరుగురు కూలీలు ఒకవైపు, ఒక మేస్త్రీ ఒకవైపు నిలబడినట్టు బొమ్మ కళ్లముందు ఉంటుంది, ఆ బొమ్మనే రాసేస్తారు. మళ్లీ అదే జబ్బు, అక్షరం సంఖ్య కాకుండా మనిషి అయిపోవడం. వివరణ ఇవ్వడం కంటే అంకెలు పెట్టించడం మేలు. “ఇద్దరు మేస్త్రీలుంటే కూలీలు ఎంతమంది?” “12.” “మీరు రాసినదాంట్లో పెట్టండి.” 6 × 12 = 72, అటువైపు 2. వాళ్లే కొట్టేసి తిరిగి రాస్తారు. ఏ సమీకరణం రాసినా సాధించే ముందు ఇలా ఒక తెలిసిన జత పెట్టి చూసుకోవడం అలవాటు చేయండి.

ట్యూషన్ సెంటర్ తమ్ముడికి: పాస్ కావాలన్న మీ ఆదుర్దా నాకూ ఉంది. కానీ బట్టీ పట్టిన పద్ధతి ప్రశ్నలో మాట కాస్త మారితే చేతికి రాదు, ‘అయిదేళ్ల క్రితం’ బదులు ‘అయిదేళ్ల తర్వాత’ అని ఇస్తే చాలు. వయసుల లెక్కనే మూడు వరుసలతో చేయించి చూడండి, కొడుక్కి 10 అనుకుని ఒకటి, 12 అనుకుని ఒకటి. నాలుగైదు లెక్కలయ్యాక వాళ్లే రెండు వరుసలు మానేసి నేరుగా అక్షరం పెడతారు, కాబట్టి పోయిన టైం వెనక్కి వస్తుంది. బ్రెజిల్‌లో రెసిఫె నగరంలో వీధుల్లో అమ్ముకునే పిల్లల మీద చేసిన ఒక అధ్యయనం 1985లో అచ్చయింది. బేరం చేస్తూ అడిగితే 98 శాతం లెక్కలు సరిగ్గా చెప్పారు, అవే లెక్కలు కాగితం మీద గుర్తులతో ఇస్తే 37 శాతమే. ఉన్నది ఐదుగురు పిల్లలే అయినా మన క్లాసుల్లో కనపడేది కూడా అదే.

మేడమ్, ఆ 5000 − 4200 = 800 × 20 వరుస సంగతి మిగిలిపోయింది. దాన్ని మూడు ముక్కలుగా విడగొట్టి ఒకదాని కింద ఒకటి రాయించండి, మార్కులు పోవు. సమానం గుర్తుకు తక్కెడ చాలు, కూరగాయల ఆమె చేతే చెప్పించండి, రెండు పళ్లాలూ సరితూగకపోతే ఆ గుర్తు పెట్టకూడదని.