పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం: ఈ లెక్క అన్ని పార్టులకూ చెల్లుతుందా?

పల్నాడు_వైర్‌మ్యాన్:
మా రెంటచింతలలో మే నెలంటే 45 డిగ్రీలు మామూలే. డబ్బా మీద 25,000 గంటలని రాసి ఉన్న ఎల్‌ఈడీ బల్బులు మూసేసిన గాజు డోముల్లో పెడితే ఏడాది తిరక్కుండానే పోతున్నాయి. అదే రకం వరండా హోల్డర్‌లో ఏళ్ల తరబడి వెలుగుతోంది. పది డిగ్రీలు పెరిగితే ఏ పార్టుకైనా ఆయుష్షు సగం అన్నది దీంతో తేలిపోయినట్టే కదా?

రిపేరు_బెంచి:
బల్బు సంగతి ఒప్పుకుంటా అన్నా, "ఏ పార్టుకైనా" దగ్గరే పేచీ. పోయిన బల్బు విప్పి చూడండి. చాలాసార్లు డ్రైవర్ బోర్డు (ఎల్‌ఈడీకి తగిన కరెంటు అందించే చిన్న సర్క్యూట్) మీద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్, అంటే కరెంటును కాసేపు నిల్వ చేసే చిన్న డబ్బాలాంటి పార్టు, తల ఉబ్బి కనిపిస్తుంది. దాని లోపలున్న ద్రవం వేడికి అడుగున ఉండే రబ్బరు సీలు గుండా కొద్దికొద్దిగా ఆవిరైపోతుంది. పది డిగ్రీల లెక్క బాగా అతికేది దానికే. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటల రకం అయితే 95 దగ్గర 4,000, 85 దగ్గర 8,000, 65 దగ్గర 32,000.

సర్వర్‌రూమ్:
ఆ లెక్కకు మూలం 1889 నాటి అర్హీనియస్ సూత్రం. అది రసాయన చర్యల వేగం గురించి. దాన్నే పట్టుకుని ప్రతిదానికీ ఏసీ పెంచుతారు! 2007లో గూగుల్ వాళ్లు లక్షకు పైగా హార్డ్‌డిస్కుల లెక్క బయటపెట్టారు. చల్లగా ఉన్న వాటిలోనే ఎక్కువ పోయాయి. వేడి దెబ్బ కనిపించింది బాగా వేడెక్కిన పాత డిస్కుల్లోనే.

పల్నాడు_వైర్‌మ్యాన్:
డిస్కులో మోటారు తిరుగుతుంది బ్రదర్, దాన్ని తెచ్చి బోర్డుకు ముడిపెడితే ఎలా?

రిపేరు_బెంచి:
అది న్యాయమే. బోర్డు మాటే చెప్తా. నా బెంచి మీదకొచ్చే వాటిలో డ్రై సోల్డర్ కేసులు, అంటే పార్టు కాలిని బోర్డుకు అతికించే సోల్డర్ (టంకం) పగిలినవి, తక్కువేం కాదు. వేడెక్కినప్పుడు రాగి, ఫైబర్‌గ్లాస్, సిరామిక్ తలో తీరుగా సాగుతాయి, మధ్యలో నలిగేది సోల్డర్. లెన్సు పెట్టి చూస్తే ట్రాన్స్‌ఫార్మర్ కాలు చుట్టూ సన్నటి ఉంగరంలా పగులు. నెత్తిన ఒకటిస్తే పనిచేసే పాత టీవీల రోగం ఇదే. నిలకడగా 60లో ఉండే బోర్డు కంటే రోజూ 30కీ 80కీ మధ్య ఊగేది ముందు పగులుతుంది. దీనికి పది డిగ్రీల లెక్క పనికిరాదు.

సర్వర్‌రూమ్:
అయితే రోజూ అలా వేడికీ చల్లదనానికీ మధ్య ఊగకుండా రౌటర్ రాత్రిళ్లు ఆపొద్దంటారా?

రిపేరు_బెంచి:
ఆపినా ఫర్వాలేదు, అది అంతగా వేడెక్కదు. టీవీ వెనక ఇరికించకుండా ఉంటే చాలు, ముందు పోయేది అడాప్టర్‌లో కెపాసిటరే. వైర్‌మ్యాన్ అన్నా, మీరు మాత్రం ఆ డోములు తీసేయండి.