కస్టడీ కేసులో పిల్లాడి మాట ఎవరైనా వింటారా?

పిన్ని: మా అక్క కేసు రెండేళ్ళుగా ఫ్యామిలీ కోర్టులో నడుస్తోంది. బాబుకి తొమ్మిదేళ్ళు. నెలకి రెండు శనివారాలు కోర్టులోనే ఒక గదిలో వాళ్ళ నాన్నని కలవాలి, రెండు గంటలు. మొన్న ఆటోలో తీసుకెళ్తుంటే "పిన్నీ, జడ్జి గారు నన్నెప్పుడు అడుగుతారు" అన్నాడు, ఏం చెప్పాలో తెలీలా. కాగితాలన్నిట్లో వాడి పేరే, వాడన్న మాట ఒక్కటీ లేదు. అసలు పిల్లల్ని అడగాలని చట్టంలో ఉందా? బావ వాళ్ళేమో తండ్రే గార్డియన్, పిల్లాడితో పనేంటి అంటున్నారు.

బెజవాడ వకీలు: ఉందండీ. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్ సెక్షన్ 17లోనే, ఊహ తెలిసిన పిల్లలైతే వాళ్ళ ఇష్టం కోర్టు చూడొచ్చు అని ఉంది. ఆ 'ఒచ్చు' దగ్గరే చిక్కంతా, అడిగి తీరాలని లేదు. ఛాంబర్‌కి పిలిచి, పెద్దవాళ్ళని బయటుంచి మాట్లాడే జడ్జిలున్నారు, మీ లాయర్ గారితో పిటిషన్ వేయించండి. ఇక గార్డియన్ తండ్రి, 'ఆయన తర్వాత' తల్లి అన్నది 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్ సెక్షన్ 6. తర్వాత అంటే పోయాకే అని కాదు, తండ్రి పట్టించుకోనప్పుడు కూడా అని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఎలాగూ అదే చట్టం సెక్షన్ 13 ప్రకారం అన్నిటికన్నా పైన పిల్లాడి బాగోగులే.

శనివారం నాన్న: నేను అటువైపు వాణ్ణి, అంటే నాకూ ఇలాంటి కేసే, కోర్టు గదిలో పాపని కలిసే నాన్నని. అడగడం సరే గానీ ఎవరి దగ్గరుంటే వాళ్ళు నేర్పిన మాటే చెప్తారు కదా. 2015లో లా కమిషన్ 257వ రిపోర్టులో జాయింట్ కస్టడీ, అంటే పిల్లల బాధ్యత ఇద్దరికీ కలిపి ఇచ్చే పద్ధతి, పెట్టమంది, తల్లిదండ్రులిద్దరికీ సమాన హోదా ఇమ్మంది, ఏదీ? మా పాప ఆ గదిలో మొదటి అరగంట చెప్పుల వైపే చూస్తూ కూర్చుంటుంది.

అప్పటి పిల్ల: నన్ను అడిగారు, పదకొండేళ్ళప్పుడు. ఎవరితో ఉంటావమ్మా అని సూటిగా. అమ్మ అన్నా. బయటికొస్తే నాన్న బెంచీ మీద నా వాటర్ బాటిల్ పట్టుకుని కూర్చున్నాడు, ఇప్పటికీ గుర్తొస్తే ఏదోలా ఉంటుంది. దయచేసి ఆ ప్రశ్న మాత్రం వెయ్యనివ్వకండి, రోజంతా ఎలా గడుస్తోంది, ఏం కష్టంగా ఉంది అని అడిగితే చాలు, మిగతాది తేల్చాల్సింది పెద్దవాళ్ళు.

పిన్ని: అందరికీ థాంక్స్. రాత్రి వాణ్ణి అడిగా, జడ్జి గారికి ఏం చెప్తావురా అని. శనివారం క్రికెట్ కోచింగ్ పోతోందట, నాన్నని ఆదివారం కలుస్తాడట, అంతే. వకీలు గారూ, ఆదివారం కోర్టుకి సెలవు కదా, బయటెక్కడైనా కలిసేలా ఆ పిటిషన్‌లోనే అడగొచ్చా?