బైపాస్ ఆయిల్ ఫిల్టర్: కాగితం రకమా, సెంట్రిఫ్యూజా?

అన్నలూ, మాది రావులపాలెం దగ్గర, పది టైర్ల లారీ. ఎక్కువగా మండపేట మిల్లుల నుంచి కాకినాడ పోర్టుకి బియ్యం లోడు, అది లేకపోతే అంబాజీపేట కొబ్బరి. పోర్టు లైనులో గంటల తరబడి ఇంజిన్ ఆన్‌లోనే ఉండటంతో ఆయిల్‌లో మసి తొందరగా చేరుతోంది, గేజి కడ్డీ తీసి వేలికి రాసుకుంటే ఆ నలుపు సబ్బుకి కూడా పోవట్లేదు. కంపెనీ ఫిల్టర్ ఆయిల్ మొత్తాన్నీ ఆపకుండా వదలాలి కాబట్టి సన్న మసిని పట్టలేదు, బైపాస్ అయితే కొంచెం కొంచెమే తీసుకుని బాగా సన్నగా వడకడుతుంది, అంతవరకు తెలుసు.

అనుమానమల్లా రకం దగ్గరే. కాగితం చుట్ట ఎలిమెంట్ తేమని కూడా పీలుస్తుంది, మన గాలికి మంచిదే, కానీ మార్చుకుంటూ పోవాలి, ఇటువైపు దొరుకుతుందా? సెంట్రిఫ్యూజ్, అంటే ఆయిల్‌ని గిర్రున తిప్పి మసిని విడదీసే రకం అయితే గిన్నెలో గట్టిపడ్డ మసి గీకి పారేస్తే సరి, కానీ అది తిరిగేదే ఆయిల్ ప్రెషర్ మీద, మరి ఐడిలింగ్‌లో ఏం పనిచేస్తుంది?

బైపాస్ బిగిస్తే ఆయిల్ ప్రెషర్ పడిపోయి బేరింగులు పోతాయని మా మెకానిక్ భయపెడుతున్నాడు. లైనులో సన్న రంధ్రం ఉన్న రెస్ట్రిక్టర్ పెడితే ఆ టెన్షన్ ఉండదనుకుంటున్నా, కరెక్టేనా? బిగించుకున్నవాళ్లు రిటర్న్ పైపు ఛాంబర్‌కి (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టికి) ఎక్కడ కలిపారో, ఆయిల్ మార్చే గడువు నిజంగా పెరిగిందో లేదో చెప్పండి. ఆయిల్ ఎప్పటికీ మార్చక్కర్లేదనే అమ్మకం మాటలు మాత్రం వద్దు బాబూ.