సహజంగా గీత రానివారు చేర్యాల నకాషీ బొమ్మ నేర్చుకోవడం సబబేనా?

హన్మకొండ సభ్యుడు (చర్చ మొదలుపెట్టినవారు):
ఉద్యోగ విరమణకు దగ్గరపడిన నాకు, గుడ్డ మీద పురాణ కథలను బొమ్మలుగా గీసే చేర్యాల చిత్రకళ నేర్చుకోవాలని ఉంది. చిన్ననాటి నుంచీ నాకు బొమ్మలు గీయడం రాదు. "పుట్టుకతో రాని విద్య కోసం ఈ వయసులో తాపత్రయం దేనికి, ఆ డబ్బుతో ఒక బొమ్మ కొనుక్కోండి" అని బంధువులొకరు అన్నారు. ఆ మాటలో న్యాయం ఎంత?

జనగామ సభ్యురాలు:
పూర్తిగా కొట్టిపారేయలేను. తరతరాలుగా ఈ బొమ్మలు గీసే నకాషీల ఇంట పుట్టిన పిల్లలు పెద్దల పక్కన కూర్చుని చూస్తూ నేర్చుకున్న గీత, నాలుగు రోజుల శిక్షణా శిబిరంలో అబ్బేది కాదు. వచ్చీ రాని చేతులు గీసినవి చేర్యాల పేరుతో అమ్మకానికి వస్తే, భౌగోళిక గుర్తింపు (ఫలానా ప్రాంతపు ప్రత్యేకత అని చట్టం ఇచ్చే గుర్తింపు) పొందిన ఆ కళను నమ్ముకున్న కొద్దిపాటి కుటుంబాలే నష్టపోతాయి.

పరకాల సభ్యుడు:
అమ్మకం వేరు, అభ్యాసం వేరు. పైగా ఈ కళలో గీత ఒక్కటే పని కాదు. ఖద్దరు గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల ముద్ద, బంక నీళ్లు కలిపి, ఒకటి ఆరాక మరొకటిగా మూడు పూతలు పూయాలి. పూత సరిగ్గా కుదరకపోతే ఎంత చేయి తిరిగినవారి రంగైనా నిలవదు. దీనికి కావలసింది ఓపికే గాని పుట్టుకతో వచ్చే ప్రతిభ కాదు. ఇక బొమ్మ సంగతి. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు పటం విప్పి చూపితే, దూరంగా కూర్చున్న ముసలమ్మకు కూడా ఎవరు యముడో, ఎవరు మార్కండేయుడో తెలియాలి. అందుకే బొమ్మల వెనుక ఎర్రటి నేపథ్యం, అచ్చమైన రంగులు, తరతరాలుగా స్థిరపడిన రూపాలు వచ్చాయి. మనిషిని చూసి అచ్చుగుద్దినట్టు గీయమని ఈ సంప్రదాయం అడగదు. ప్రతిభ లేనివారికి ఇంతకంటే అనువైన చోటు నాకైతే తోచడం లేదు.

జనగామ సభ్యురాలు:
పూత విషయంలో ఒప్పుకుంటాను. కాని రూపం స్థిరపడి ఉన్నంత మాత్రాన గీత సులువని అనుకోకండి. చివరన సన్నని కుంచెతో నల్లగీత దిద్దేటప్పుడు కనుకొస ఇసుమంత వంగితే, కోపంగా ఉండవలసిన యముడు దిగులుపడినట్టు కనిపిస్తాడు.

హన్మకొండ సభ్యుడు:
అయితే ముందు పూతల పని నేర్పేవారి దగ్గరే చేరతాను. గీసినవి అమ్మను. యముడు దిగులుపడితే మా ఇంటి గోడకే తగిలించుకుంటాను. ఆ బంధువు వచ్చినప్పుడు చూస్తారు.