మనం పడ్డ గంటలు కూడా ఖర్చులో రాయాలా?

కిక్కుదెబ్బ:
పాత మోటార్ సైకిల్ ఒకటి కొని బాగుచేస్తున్నా, నిన్న రాత్రి కూర్చుని పుస్తకంలో దాని ఖర్చు లెక్క తేల్చాను. బండి జావా 250, 1960ల నాటిది. కొన్న ధరకు మూడున్నర రెట్లు దాటిపోయింది, సీటు పని ఇంకా మొదలే పెట్టలేదు. క్రాంక్ (పిస్టన్ ఊపుతో తిరిగే ఇంజన్ ఇరుసు), సిలిండర్ బోరు, కొత్త పిస్టన్, వైరింగ్, క్రోమ్, రంగు, రబ్బరు సామాను అన్నీ రాసుకున్నా. నేను పడ్డ గంటలు మాత్రం రాయలేదు. వారానికి ఎనిమిది గంటల లెక్కన పద్నాలుగు నెలలు, దాదాపు 480 గంటలు. అవి కూడా ఖర్చులో కలపాలా? మీరంతా ఎలా రాస్తారు?

లేతుమనిషి:
కలపాలి, అనుమానమే లేదు. గంటలు వదిలేసి రాసేది లెక్క కాదు, మనసుకు సర్దిచెప్పుకోవడం. ఒక్క క్రాంక్ సంగతే చూడండి. ఈ ఇంజన్లలో క్రాంక్ ముక్కలుగా ఉంటుంది, ప్రెస్‌తో బిగిస్తారు. బిగ్ ఎండ్ (రాడ్డు క్రాంక్‌కి తగిలే చోటి బేరింగ్) పోతే ప్రెస్ మీద విప్పాలి, కొత్త రాడ్డు, పిన్ను, రోలర్లు వేసి మళ్ళీ నొక్కాలి. ఆ తర్వాత డయల్ గేజ్ పెట్టి రెండు వైపులా ఊగు (తిరిగేటప్పుడు ఇరుసు ఎంత పక్కకు తొలుగుతుందో) చూసుకుంటూ రాగి సుత్తితో కొడుతూ సరిచేయాలి. వంద మైక్రాన్ల ఊగును ఇరవై మైక్రాన్లకు దించడానికి నాకు ఒక పూట పడుతుంది. అదే పని బయట ఇస్తే డబ్బు తీసుకుంటారు కదా? మీరు చేస్తే ఉచితం ఎలా అవుతుంది?

తుప్పుప్రేమికుడు:
లేతుమనిషి గారూ, సినిమాకి వెళ్ళిన మూడు గంటలకు కూలి కట్టుకుంటారా? చెరువు గట్టున గాలం వేసి కూర్చున్న పూటకు? ఇది సరదా. సరదాకి పోయిన గంట ఖర్చు కాదు, అదే సంపాదన. ఆదివారం పొద్దున కార్బొరేటర్ విప్పి జెట్లు కడుగుతుంటే నా తలలో వారమంతా పేరుకున్న చెత్త కూడా కడుక్కుపోతుంది. దానికి రేటు ఎంతంటారు?

నికెల్‌పూత:
గంటల మాట దేవుడెరుగు, క్రోమ్ బిల్లు చూసి నేను నెల రోజులు షెడ్డులోకే వెళ్ళలేదు.

లేతుమనిషి:
క్రోమ్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. అందరూ డబ్బు క్రోమ్‌కి పోతుందనుకుంటారు. పైన కనబడే క్రోమ్ పొర మైక్రాన్‌లో సగం కూడా ఉండదు. మెరుపంతా దాని కింది నికెల్‌ది, గీతలూ గుంటలూ పూడేది రాగి పొరతో. ఆ రాగి మీద పాలిష్ పట్టే మనిషి చేతి పనికే మనం డబ్బిచ్చేది. చూశారా, అక్కడా గంటలే! తుప్పు గుంటలున్న మడ్‌గార్డ్‌ని పాలిష్ లేకుండా ప్లేటింగ్‌కి పంపితే ప్రతి గుంటా మెరుస్తూ తిరిగొస్తుంది.

ఇంకొకటి. పనిముట్లు ఎవరైనా రాశారా? క్లచ్ హబ్‌ని ఊడలాగే పుల్లర్ ఎవరి లెక్కలో ఉంది?

తుప్పుప్రేమికుడు:
పుల్లర్ బండి ఖర్చు కాదండీ. అది ఆస్తి. బండి పోయినా పుల్లర్ ఉంటుంది.

లేతుమనిషి:
ఆ బండి పోయాక ఆ పుల్లర్ దేనికి పనికొస్తుంది? దాని మరలు ఇంకే బండికీ పట్టవు.

తుప్పుప్రేమికుడు:
ఇంకో జావాకి పడుతుంది.

లేతుమనిషి:
అంటే పుల్లర్ లెక్క సరిపెట్టడానికి ఇంకో జావా కొనాలన్నమాట. బాగుంది.

రెండుదెబ్బలు:
మీ ఇద్దరూ పుల్లర్ దగ్గర ఆగిపోయారు గానీ నా గోడు వినండి. ముందు రంగు వేయించాను, తర్వాత ఇంజన్ చూద్దాంలే అనుకున్నా. అద్దంలా ఉంది బండి. మూడో వారం ఎత్తు ఎక్కుతుంటే పిస్టన్ సిలిండర్‌లో బిగుసుకుని సీజ్ అయి వెనక చక్రం పట్టేసింది. విప్పి చూస్తే క్రాంక్ ఆయిల్ సీళ్ళు ఎండి గట్టిపడి ఉన్నాయి. రెండు స్ట్రోకుల ఇంజన్‌లో సీలు కారితే నూనె బయటికి రావడం ఒక్కటే కాదు, గాలి లోపలికి వస్తుంది. పెట్రోల్-గాలి మిశ్రమంలో పెట్రోల్ పలచబడి పిస్టన్ కాలుతుంది. వేళ్ళంత సీళ్ళ కోసం సిలిండర్ మళ్ళీ బోరు కొట్టించాను, ఇంజన్ దింపేటప్పుడు ఫ్రేము మీద కొత్త రంగు గీసుకుపోయింది. మూలిగే నక్క మీద తాటిపండు. మొదట ఇంజన్ చూడమని చెప్పిన మెకానిక్‌ని నేనే కసిరాను, అదీ నా గొప్పతనం.

ఆరువోల్టులు:
ట్యాంకు లోపల పూసే సీలర్ గురించి కూడా ఎవరైనా రాయండి. నాది రెండేళ్ళకే పొరలు పొరలుగా ఊడి జెట్టులో అడ్డం పడింది. లోపలి తుప్పు పూర్తిగా పోకుండా పూస్తే ఇంతే. పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటే పాత రబ్బరు గొట్టాలు కూడా మెత్తబడుతున్నాయి.

కిక్కుదెబ్బ:
నేను అడిగింది గంటల సంగతి...

తుప్పుప్రేమికుడు:
తమ్ముడూ, నీ గంటలు నీవి. రాయకు. రాసిన రోజున సరదా చస్తుంది. నా దగ్గర మూడు బండ్లున్నాయి, ఒక్కదానికీ లెక్క పుస్తకం లేదు, హాయిగా ఉన్నాను. నిరుడు కొన్నదాన్ని మొత్తం విప్పాను. ప్రతి ముక్కా చేత్తో తడిమాను. ఆ ఆనందం లేతు ముందు నిలబడి నిమిషాలు లెక్కపెట్టేవాళ్ళకి తెలియదు.

లేతుమనిషి:
అడుగుదామా వద్దా అనుకుంటున్నాను, మీరే తెచ్చారు కాబట్టి అడుగుతున్నా. నిరుడు కొన్న ఆ బండి కొన్న రోజు నడిచిందా?

తుప్పుప్రేమికుడు:
నడిచింది. ఇంటికి నడుపుకుంటూనే వచ్చాను.

లేతుమనిషి:
ఇప్పుడు?

తుప్పుప్రేమికుడు:
డబ్బాల్లో ఉంది. పేర్లు రాసిపెట్టాను. దీనికీ గంటలకీ సంబంధం ఏమిటి?

లేతుమనిషి:
అదే సంబంధం. మూడేళ్ళ కిందట నేనొక బండి కొన్నాను. బండి అంటున్నా గానీ నాలుగు గోనెసంచులు. అమ్మినాయన కూడా అచ్చం మీలాగే మాట్లాడాడు, "అంతా ఉందండీ, బిగించుకోవడమే" అన్నాడు. ఇంటికొచ్చి నేల మీద పరిస్తే గేర్‌బాక్స్ షిమ్ములు (సందు సరిచేసే పలచటి రేకు వాషర్లు) లేవు, సెలెక్టర్ స్ప్రింగ్ లేదు. క్రాంక్‌కేసు, అంటే క్రాంక్ కూర్చునే ఇంజన్ పెట్టె, దాని రెండు సగాలూ వేర్వేరు ఇంజన్లవి. రెండు సగాలనూ కలిపి బిగించి బేరింగ్ రంధ్రాలు ఒకేసారి కోస్తారు కాబట్టి అవి జంటగానే ఉండాలి. ఒకదాని జోడీ ఇంకోదానికి వేస్తే బేరింగులు ఒకే గీత మీద ఉండవు, క్రాంక్ బిగుసుకుంటుంది. ఆ మనిషికి ఏడాది పాటు విప్పిన ఆనందం దక్కింది. ఆ గంటల బిల్లు నాకొచ్చింది. గంటలు ఉచితమని మీరంటే నాకు వినబడేది అదే. మీ గంటలు ఉచితం కావు, తర్వాత కొనేవాడి ఖాతాలో పడతాయి.

నికెల్‌పూత:
అమ్మో.

తుప్పుప్రేమికుడు:
మీ గోనెసంచుల కోపం నా మీద తీర్చుకోకండి. ఆయనెవరో నాకు తెలియదు. నేను విప్పకపోతే ఏమయ్యేదో చెప్పనా? బిగ్ ఎండ్‌లో పైకీ కిందికీ ఆట ఉంది, చేత్తో పట్టుకుంటేనే తెలిసింది. ఇంకో వెయ్యి కిలోమీటర్లు తిరిగితే రాడ్డు విరిగి కేసు బద్దలయ్యేది. మీరు నడుస్తున్న బండి అంటున్నారు. నడుస్తున్నట్టు నటించిన బండి అది. నేను దాన్ని ఆపాను.

లేతుమనిషి:
ఆపారు, ఒప్పుకుంటా. మళ్ళీ మొదలెట్టడం ఎప్పుడు? విప్పడం రోగం తెలుసుకోవడమే, వైద్యం కాదు. నడిచే బండిని విప్పి ఏళ్ళ తరబడి డబ్బాల్లో ఉంచడం నా లెక్కలో కాపాడటం కాదు. విడిభాగాలుగా చేసి దాచడం. ఇంత కటువుగా అనకూడదేమో, కానీ నా మనసులో ఉన్నది ఇదే. పుల్లర్ గొడవంతా అందుకే వచ్చింది.

రెండుదెబ్బలు:
అన్నల్లారా, కాస్త నెమ్మది. ఇద్దరిదీ ఒకే రకం బండి.

*(రెండు రోజుల తర్వాత)*

తుప్పుప్రేమికుడు:
కోపంలో ఏదేదో రాసి చెరిపేశాను. నిజం చెబుతున్నా. క్రాంక్ ఎనిమిది నెలలుగా గుడ్డలో చుట్టి ఉంది. ప్రెస్ పనికి ఇవ్వడానికి డబ్బు లేక కాదు. మొదటి బండి నేనే బిగించాను, స్పార్క్ ఇచ్చే పాయింట్ల గ్యాప్ 0.4 మి.మీ. పెట్టి, టైమింగ్ చూసుకుని, అంతా పుస్తకం ప్రకారమే. కిక్కు కొట్టీ కొట్టీ మడమ వాచింది గానీ అది పలకలేదు. ఇంటి ముందు పది మంది చూస్తున్నారు. అప్పటి నుంచి బిగించాలంటే చెయ్యి రావడం లేదు. విప్పేటప్పుడు ఎవరూ ఓడిపోరు కదా. గంటలు లెక్క రాయనిది అందుకే, రాస్తే అవి ఎక్కడ ఆగిపోయాయో తెలుస్తుంది.

ఆరువోల్టులు:
ఆ బండి ఆరు వోల్టులదేనా? పాత తీగలే ఉంటే కాయిల్ దగ్గర వోల్టేజీ కొలిచి చూడండి. అదే పవర్‌కి పన్నెండు వోల్టులతో పోలిస్తే కరెంటు రెట్టింపు పారాలి, కిలుం పట్టిన ఒక్క ఎర్త్ కనెక్షన్ చాలు స్పార్క్ చావడానికి. పుస్తకంలో అది రాసి ఉండదు.

లేతుమనిషి:
ముందే చెప్పి ఉంటే నేనంత మాట అనేవాణ్ణి కాదు. అన్నది వెనక్కి తీసుకోను గానీ, క్రాంక్ నాకు పంపండి. నొక్కి, సరిచేసి పంపుతాను. గంటలు రాయను, ఈ ఒక్కసారికి.

కిక్కుదెబ్బ:
అందరికీ క్షమాపణ. నేను అసలు ఎందుకడిగానో చెప్పలేదు. బండి అమ్మేద్దామనుకుంటున్నాను. ధర ఎంత చెప్పాలో తెలియక 480 గంటలు కలపాలా అని అడిగాను.

లేతుమనిషి:
అది మొదటే రాయాల్సింది తమ్ముడూ! కొనేవాడు గంటలకు పైసా ఇవ్వడు. ఆ లెక్క నీకోసం, వాడికోసం కాదు. అమ్మేటప్పుడు పుల్లర్ కూడా ఇచ్చెయ్.

తుప్పుప్రేమికుడు:
పుల్లర్ ఇవ్వకు, అది ఆస్తి.

లేతుమనిషి గారూ, క్రాంక్ పంపుతాను. కేసు సగాల నంబర్లు కూడా చూసి రాయమంటారా, మీ సంచుల్లో ఉన్నదానికి జోడీ ఏమైనా కలుస్తుందేమో?

లేతుమనిషి:
రాయండి. ఎడమ సగం మీద ఏముందో ముందు చెప్పండి.

తుప్పుప్రేమికుడు:
రేపు చెబుతాను. ఏ డబ్బాలో ఉందో వెతకాలి.